పద్దెనిమిది మిల్లీమీటర్ల వాన

మే నెల చివర్లో ఒక మధ్యాహ్నం, ఫిల్మ్‌నగర్‌లో ఎక్కడా చినుకు లేకుండా, మా డాబా మీది వర్షమాపకం ఆరు నిమిషాల్లో పద్దెనిమిది మిల్లీమీటర్ల వాన నమోదు చేసింది.

నేను అప్పుడు జూబ్లీహిల్స్‌లో మా ఆఫీసులో ఉన్నాను. సినిమాలకు సబ్‌టైటిళ్ళు రాయడం నా పని. మేం కూర్చునే గదికి కిటికీలు లేవు. తెర మీద బొమ్మ స్పష్టంగా కనబడాలని గోడలకు ముదురు రంగు వేయించారు. బయట ఎండో వానో తెలుసుకోవాలంటే మాకు ఫోనే దిక్కు. ఫోను మోగింది, అంకె చూశాను. ఆ అంకె వస్తే ఏం చేయాలో రెండేళ్ళుగా అలవాటు. కొండ దిగువ సందులో ఉండే దర్జీ ఆంటీకి ఫోన్ చేశాను.

"ఆంటీ, పద్దెనిమిదయింది. ఎత్తేయండి."

"ఎత్తుతున్న బిడ్డా" అని ఆమె పెట్టేసింది. ఎప్పుడూ అంతే, ఒక మాట ఎక్కువ ఉండదు.

పావుగంటకి ఆమే మళ్ళీ చేసింది.

"ఏంది బిడ్డా, మూటలన్నీ మంచమెక్కించి బయటికొచ్చి చూస్తే ఆకాశం అద్దం లెక్క ఉంది. కాళ్ళు కాలుతున్నయ్. గీ పక్కింటామె నవ్వి నవ్వి సస్తుంది."

"మా ఇంటి దగ్గర పడుతోందేమో ఆంటీ."

"మీ ఇంటి మీదనే పడుతుందా? ఇంద్రుడు మీకేమన్న చుట్టమా?"

కనుక్కుంటానన్నాను. అమ్మకు ఫోన్ చేశాను. అమ్మ నవ్వు ఆపుకుంటూ చెప్పింది. "షూటింగే! మర్చిపోయావా? పొద్దుటి నుంచీ డాబా మీద వాన పాట. రెండు ట్యాంకర్ల నీళ్ళు పోశారు." ఆ తర్వాత, "నీ మిషను కింద పడిందే. చూసి వాళ్ళకి చెప్పాను" అంది.

మేం అద్దెకుండే ఇంటి యజమాని వెంగళరావు నగర్‌లో ఉంటారు. ఈ ఇంటి కింది అంతస్తునీ డాబానీ షూటింగులకు ఇస్తారు. మధ్య అంతస్తు మాది. ఇంట్లో చేరేటప్పుడే ఆ సంగతి చెప్పి ఒప్పించారు. షూటింగ్ ఉన్న రోజు అమ్మ తొమ్మిదిలోపే కుక్కర్ దించేస్తుంది. అక్కడ 'సైలెన్స్' అని కేక వేసినప్పుడు మా వంటింట్లో కుక్కర్ కూత వేస్తే ఆ షాట్ మళ్ళీ తీయాల్సి వస్తుంది. ఒకసారి అలా జరిగింది. అప్పటి నుంచీ అమ్మ జాగ్రత్తగా ఉంటుంది. ఇన్నేళ్ళలో డాబా మీద పెళ్ళిళ్ళు జరిగాయి, కొట్లాటలు జరిగాయి, ఒక హీరోయిన్ మూడు రోజులు వరసగా ఏడ్చింది. వాన మాత్రం ఇదే మొదటిసారి. నాకు ముందే తోచి ఉండవలసింది, తోచలేదు.

ఆ పరికరం సంగతి చెప్పాలి. నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా మా బాబాయి ఇచ్చాడు. ఒక నిలువు గొట్టం మీద మూడు భాగాలు: గాలికి తిరిగే మూడు చిన్న గిన్నెలు, వేడినీ తేమనీ చూసే తెల్లటి పెట్టె, వాన పట్టే గరాటు. ఇంట్లో ఒక చిన్న తెర. అందులోని అంకెలు ఫోనుకు కూడా వస్తాయి. రోజూ రాత్రి అన్నం తిన్నాక డైరీలో ఆ రోజు అంకెలు రాసి, కింద నా సంగతులు రాసుకునేదాన్ని. కొన్ని రోజులకి అంకెలు తప్ప ఏమీ లేవు. వాటిని తిరిగి చదివితే ఆ రోజులు కూడా ఎంతో కొంత గుర్తొస్తాయి.

దర్జీ ఆంటీతో ఒప్పందం ఎలా మొదలయిందంటే, నాలుగేళ్ళ క్రితం ఆగస్టులో ఆమె గదిలోకి నీళ్ళొచ్చాయి. మా వీధి చివర మెట్లు దిగితే ఆమె సందు. కొండ మీద రోడ్ల నీళ్ళన్నీ చివరికి అక్కడికే చేరతాయి. ఆమెది ఒకటే గది. అందులో రెండు మిషన్లు, ఒక మంచం, మిగతాదంతా నేల మీద గుడ్డలు. పాటల్లో హీరో వెనక ఆడేవాళ్ళకి బట్టలు కుడుతుంది. ముప్ఫై మందికీ ఒకే రంగు, కొలతలు మాత్రం తేడా. ఆ ఏడు ముప్ఫై నీలం చొక్కాలు తడిసి రంగు కారిపోయాయి. అమ్మ జాకెట్లు ఇవ్వడానికి వెళ్ళి ఆ సంగతి విని వచ్చింది. ఆ వారం డైరీ తీసి చూశాను. నీళ్ళొచ్చిన సాయంత్రం ఒక గంటలో పద్దెనిమిది మిల్లీమీటర్లు పడ్డాక, ఇంకో పావుగంటకి ఆమె గడప దాటాయి. తర్వాతి రెండు వానాకాలాలూ గమనించాను. పదహారు, పదిహేడు పడి ఆగిన వానలకు నీళ్ళు రాలేదు. పద్దెనిమిది దాటిన ప్రతిసారీ వచ్చాయి. మొదట్లో ఆమెకి ఈ సంగతి అమ్మ చెప్పింది. ఫోన్ మాత్రం నేను చేస్తాను.

ప్రతి చినుక్కీ గుడ్డలెత్తాలంటే ఆమెకు పని సాగదు. నడుం నొప్పి కూడా ఉంది. వాన మొదలవగానే ఎత్తక్కర్లేకుండా, నీళ్ళొచ్చేముందే ఎత్తేలా ఆ అంకె పనికొచ్చింది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి షూటింగ్ సామాను వ్యానెక్కిస్తున్నారు. డాబా ఇంకా తడిగా ఉంది. ప్రొడక్షన్ మేనేజర్ మా గుమ్మం దగ్గర అమ్మతో మాట్లాడుతున్నారు. గొట్టం, గరాటు, విరిగిన గిన్నెలూ ఒక అట్టపెట్టెలో వేసి తెచ్చారు.

"వాన పైపు స్టాండు జరుపుతుంటే తగిలిందండీ. కావాలని చేసింది కాదు. కొత్తది తెప్పించేస్తాం. ఇంతకీ ఇదేంటండీ, యాంటెన్నానా?"

"మా అమ్మాయి వాన కొలుచుకునే మిషనండీ" అంది అమ్మ.

"అబ్బో! అయితే మాకు భలే పనికొస్తుందండీ. అవుట్‌డోర్ పెట్టుకుంటే వానొస్తుందో రాదో ముందే చెప్పేస్తుందా?"

"ముందు చెప్పదండీ. వచ్చాక ఎంత వచ్చిందో చెబుతుంది."

"వచ్చాక మాకెందుకండీ!" అని ఆయన గట్టిగా నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. కొత్తది వద్దని, నాకు ఇదే కావాలని నేను చెప్పవలసిన చోటు అది. నేను పెట్టెలోకి చూస్తూ నిలబడ్డాను. మూడు రోజుల తర్వాత కొత్త పరికరం వచ్చింది. మాట నిలబెట్టుకున్నారు. దాన్ని విప్పకుండా బీరువా మీద పెట్టాను.

కొత్తది మంచిదే కావచ్చు. కానీ దానిలో ఏ అంకె వస్తే సందులోకి నీళ్ళొస్తాయో నాకు తెలియదు. తెలియాలంటే రెండు వానాకాలాలు చూడాలి. దర్జీ ఆంటీ అప్పటికే ఒక పాటకి నలభై తెల్లటి లంగాలు ఒప్పుకుంది. పద్ధతిగా నడిచే పెద్ద కంపెనీ అది. నచ్చితే ఆ సినిమాలో మిగతా పాటలు కూడా ఆమెకే ఇస్తామన్నారు. జూన్ రెండో వారానికి ఇవ్వాలి. వానలు దిగేది కూడా అప్పుడే. తెల్లటి గుడ్డ, ఎర్రమట్టి నీళ్ళు.

అందులో ఇంకో చిక్కుంది. నా పరికరం తప్పు చూపిస్తుంది. మొదటి ఏడాదే నాకు అనుమానం వచ్చి, నిలువు గోడలున్న స్టీలు డబ్బా ఒకటి దాని పక్కన పెట్టి, వాన వెలిశాక స్కేలుతో కొలిచాను. డబ్బాలో ముప్ఫై ఉంటే తెరమీద ఇరవై నాలుగు. ఇలా ఐదు వానలకు రాసుకున్నాను. ప్రతిసారీ తక్కువే చూపించింది. సరిచేద్దామా అనుకుని, సరిచేస్తే అంతకుముందు రాసిన రోజులతో పొంతన కుదరదని ఊరుకున్నాను. కాబట్టి పద్దెనిమిది అనే అంకె నిజమైన వాన అంకె కాదు. అది ఈ ఒక్క పరికరం, దానికున్న ఈ ఒక్క లోపంతో కలిసి చెప్పే అంకె.

వంటింటి బల్ల మీద పాత చీర పరిచి అన్నీ విప్పాను. గాలి గిన్నెలు రెండు విరిగాయి. వాటి ముక్కలు దొరికాయి. గరాటుకు అంచు నుంచి సగం దాకా పగులు. లోపల, గరాటు కింద, పార్కులో పిల్లలు అటూ ఇటూ కూర్చుని ఊగే బల్ల లాంటిది ఒకటి ఉంటుంది. చూపుడువేలంత. ఒక పక్క నిండగానే అటు ఒరిగి నీళ్ళు పారబోస్తుంది. అప్పుడు రెండో పక్క గరాటు కిందికి వస్తుంది. ఒరిగిన ప్రతిసారీ లెక్కలో ఒకటి చేరుతుంది. దాన్ని మోసే ఇనప పుల్ల తుప్పు పట్టి ఉంది. పడ్డప్పుడు రెండుగా విరిగింది. లెక్కపెట్టే తీగ కూడా తెగింది.

పుల్ల కోసం దర్జీ ఆంటీ దగ్గరికే వెళ్ళాను. ఫోన్‌లో కాకుండా ఆమెతో ఎదురుగా మాట్లాడిన సందర్భాలు తక్కువ. విరిగిన ముక్క అరచేతిలో పెట్టి చూపించాను. ఆమె కళ్ళజోడు పైకెత్తి చూసి, సూదుల డబ్బా నేల మీద బోర్లించింది.

"గింత సన్నపుదా? గిది చూడు. దుప్పట్లు కుట్టే సూది. తుప్పు పట్టదు."

సరిగ్గా సరిపోయింది. కొంచెం పొడుగు, అంతే.

"కొత్తది తెచ్చిచ్చిన్రట గద. మీ అమ్మ చెప్పింది. గదే పెట్టుకోరాదా?"

"దానికి మీ సందు తెలియదు ఆంటీ."

ఆమె ఒక క్షణం నన్ను చూసి నవ్వింది. "నీకు మాటలు వస్తయ్ అన్నట్టు" అంది.

సూదిని పట్టకారుతో కత్తిరించి, కొసను సానరాయి మీద నునుపు చేశాను. గరాటు పగులు, గిన్నెల ముక్కలు అతికించడానికి జిగురు తెచ్చాను. తెగిన తీగ అతకడం నా చేత కాదు. మా ఆఫీసు హెడ్‌ఫోన్లు బాగుచేసే ఆయన ఒకరున్నారు. కృష్ణానగర్‌లో చిన్న కొట్టు. షూటింగుల్లో వాడే మైకులూ వాకీటాకీలూ రిపేరు చేస్తారు. ఆదివారం అన్నీ సంచిలో వేసుకుని వెళ్ళాను. పరికరంతో వచ్చిన వివరాల కాగితం డైరీలో దాచి ఉంటే అది కూడా తీసుకెళ్ళాను. తీసుకెళ్ళకుండా ఉండవలసింది.

ఆయన ఊగుడు బల్లను వేలితో అటూ ఇటూ ఆడించి చూశారు. "భలే ఉంది చెల్లె గిది! బుర్ర పెట్టి చేసిండు ఎవడో." తెగిన తీగ చివర వేలి గోరంత గాజు గొట్టం ఉంది. అది పగిలింది. అయస్కాంతం దగ్గరికి వస్తే లోపలి రెండు రేకులు కలుసుకుంటాయట. బల్లకు అంటించిన అయస్కాంతం ఒరిగినప్పుడల్లా దాని ముందు నుంచి పోతుంది. ఆయన సొరుగులో వెతికి, పాత తలుపు అలారం ఒకటి విప్పి, అలాంటి గొట్టమే తీసి అతికారు. నేను జిగురుతో అతికించిన గిన్నెలు చూసి పెదవి విరిచారు.

"గట్ల ఉత్త జిగురు పెడితే ఎండకు ఊడిపోతది. జిగురు పెట్టి మీదికెల్లి వంట సోడా చల్లు. రాయి లెక్క అయితది. మా కాడ సినిమా సెట్లేసేటోళ్ళు గట్లనే చేస్తరు."

కొట్లోనే సోడా ఉంది. చల్లి చూపించారు. నిజంగానే క్షణంలో గట్టిపడింది.

అప్పుడు ఆయన కాగితం చదివారు. ఒక్కసారి ఒరగడానికి ఎన్ని నీళ్ళు పడాలో అందులో ఉంది. బల్ల ఒరిగి ఆగే చోట కింద రెండు చిన్న మరలు ఉంటాయి. అవి పైకి తిప్పితే త్వరగా ఒరుగుతుంది, కిందికి తిప్పితే ఆలస్యంగా. ఆయన సిరంజితో నీళ్ళు చుక్కలు చుక్కలుగా వదిలి చూశారు.

"ఏంది, గింత ఎక్కువ నీళ్ళు తాగి ఒరుగుతుంది? ఇన్నేండ్ల సంది నీకు తప్పు చెప్తుంది చెల్లె." నేను నోరు తెరిచేలోపే స్క్రూడ్రైవర్ తీసుకున్నారు. ఒక మర, తర్వాత రెండోది. మళ్ళీ సిరంజి. మళ్ళీ కొంచెం. ఎంతో ఓపికగా, గంటసేపు చేశారు. మధ్యలో ఎవరో వాకీటాకీ కోసం వస్తే "జర ఆగు భై" అని కూర్చోబెట్టారు. చివరికి కాగితంలో ఉన్నట్టే సరిగ్గా వచ్చింది.

"ఇప్పుడు ఫస్ట్‌క్లాస్. కొత్తదానికంటే కరెక్ట్ చూపిస్తది. ఫికర్ లేకుండ పెట్టుకో."

తప్పు చూపించడమే నాకు కావాలని చెప్పాలి. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. అంతసేపు నా కోసం కూర్చున్న మనిషికి ఆ మాట చెప్పడం మర్యాదగా తోచలేదు. "థాంక్స్ అన్నా" అని వచ్చేశాను.

ఇంటికొచ్చి లెక్క వేశాను. డబ్బా కొలతల ప్రకారం పాత పద్దెనిమిది ఇప్పుడు ఇరవై రెండున్నర అవుతుంది. అలాగే అనుకోవచ్చు కదా అనిపించింది. కానీ ఆ ఐదూ చిన్న వానలు. మెల్లగా, రెండు మూడు గంటలు పడ్డవి. జోరువానలో డబ్బా పట్టుకుని డాబా ఎక్కలేదు. అమ్మ పిడుగులకు భయపడి ఎక్కనివ్వలేదు కూడా. జోరువానలో బల్ల ఒరిగే లోపు కొన్ని నీళ్ళు లెక్కకు అందకుండా పోతాయని ఎక్కడో చదివాను. ఎన్ని పోతాయో నాకు తెలియదు. ఆంటీ సందులోకి నీళ్ళు తెచ్చేది జోరువానే.

మరలు దీపం కింద పెట్టి చూశాను. ఆరేళ్ళుగా ఒకే చోట ఉన్నవి కనక వాటి మీద తుప్పు గీత పడింది. గీత దాకా తుప్పు, గీత దాటాక మెరుపు. ఆయన ఎంత తిప్పారో ఆ గీతే చెబుతోంది. అమ్మ చిన్న స్క్రూడ్రైవర్ తెచ్చి ఇచ్చింది. ఏం చేస్తున్నానో అడిగింది.

"బాగుచేసినదాన్ని మళ్ళీ పాడుచేస్తున్నాను."

"నీ ఇష్టం" అని వెళ్ళి పడక వేసుకుంది.

రెండు మరలనూ గీత దాకా తిప్పాను. ఒకదాని మీద గీత స్పష్టంగా ఉంది. రెండోదాని మీద స్క్రూడ్రైవర్ జారి గీత సగం చెరిగిపోయింది. అక్కడ అందాజుగా ఆపాను. అందాజు అని డైరీలో రాసుకున్నాను. మర్నాడు పరికరాన్ని పాత చోటే, పాత మేకుల్లోనే బిగించాను.

నలభై లంగాల్లో ముప్ఫై నాలుగు అయ్యాక, జూన్ రెండో వారం ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు వాన వచ్చింది. ఆ ముందు రెండు జల్లులు పడ్డాయి కాని వాటి వల్ల ఏమీ తెలియలేదు. ఇది కొండ మొత్తం తెల్లగా కప్పేసింది. మా కిటికీలోంచి రోజూ కనిపించే షేక్‌పేట వైపు ఫ్లైఓవర్ కనిపించకుండా పోయింది. నేను తెర ముందు కూర్చున్నాను. తొమ్మిది. పన్నెండు. పదిహేను. పదిహేడు దగ్గర ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. ముందే చేద్దామా అనిపించింది. షూటింగ్ వాన నాటి నవ్వు గుర్తొచ్చి ఆగాను. పద్దెనిమిది పడింది.

"షూటింగ్ వానా, అసలు వానా బిడ్డా?"

"అసలుదే ఆంటీ."

"నా రేకుల మీద సప్పుడైతుంది, నాకు తెల్వదా? ఊకె అడిగిన. ఎత్తుతున్న."

గడియారం చూసుకున్నాను. నీళ్ళు రావడానికి ఇంకా పావుగంట ఉంటుంది. ఏడు నిమిషాలకే ఫోన్ వచ్చింది.

"నీళ్ళొచ్చినయ్. గింత తొందరగ ఏంది?" అంది. నా జవాబు కోసం ఆగలేదు.

గొడుగు తీసుకుని వెళ్ళాను. మెట్ల మీద నీళ్ళు ఎర్రగా, మెట్టు మెట్టుకీ దూకుతూ పోతున్నాయి. గదిలో చీలమండల దాకా ఉన్నాయి. మంచం మీద, రెండు మిషన్ల మీద, కిటికీ గట్టు మీద తెల్లటి లంగాలు గుట్టలుగా ఉన్నాయి. కుట్టడం పూర్తికాని ఆరు మాత్రం నేల మీద, విడివిడిగా పరిచి ఉన్నవి, ఎత్తేలోపే తడిశాయి. ఆమె వాటిని చేతుల మీద వేసుకుని నిలబడి ఉంది. జానెడు మేర అంచులు ఎర్రబడ్డాయి.

నేను చెప్పాను. రిపేరాయన సరిగ్గా పెట్టాడని, నేను మళ్ళీ తిప్పానని, ఒక మర దగ్గర గుర్తు చెరిగిపోయిందని, అక్కడ అందాజుగా ఆపానని. బహుశా పాతదానికంటే ఎక్కువ నీళ్ళు తాగి ఒరుగుతోందని. లేదంటే పై రోడ్డులో ఈ వేసవిలో బండ కొట్టి సెల్లార్ తవ్వారు, దాని మట్టి కాలవలో పడి నీళ్ళు ఇటు త్వరగా వస్తున్నాయేమోనని. రెండింట్లో ఏదో నాకు తెలియదని. ఒకేసారి అన్ని మాటలు ఎవరితోనైనా చెప్పి చాలా కాలమైంది.

ఆమె ఆరు లంగాలనూ ఒక్కొక్కటే పిండుతూ విన్నది.

"పదిహేడు అయినప్పుడు నీ చేతిల ఫోనుందా?"

"ఉంది."

"మరి చెయ్యకపోతివి?"

"మళ్ళీ నవ్వుతారని."

"నవ్వితే నవ్వుత. నవ్వితే బట్టలు తడుస్తయా?" అంది. కోపం ఉన్నట్టే ఉంది, కాని గొంతు పెంచలేదు. తర్వాత ఆ అంచులు వెలుతురులో పెట్టి చూసింది. "ఉతికినా పోదు. గిదే తాను గుడ్డ మళ్ళ దొరకదు. వేరే తెలుపు తెస్తే లైట్ల కింద ఆరుగురు వేరేగా కనిపిస్తరు."

కంపెనీలో బట్టలు చూసే ఆయనకు అక్కడే ఫోన్ చేసింది. అడిగినట్టు మాట్లాడలేదు. "సార్, ఉత్త తెలుపు లైట్లకు మస్తు మెరిసి కళ్ళకు కొడతది. కింద మెరూన్ అంచు వేస్తున్న. నలభైకీ వేస్తున్న" అని చెప్పి, అటునుంచి ఏదో విని, "మీకు నచ్చకపోతే నన్ను అడగున్రి" అని పెట్టేసింది.

నీళ్ళు తగ్గాక గది కడిగాం. ఆ ఆరింటికీ చెడిన భాగం కత్తిరించి, తగ్గిన పొడుగు మేరకు వెడల్పు అంచు వేసింది. అన్నీ సమానంగా కనబడాలని మంచిగా ఉన్న ముప్ఫై నాలుగింటినీ అంతే కత్తిరించింది. సోమ, మంగళవారాలు ఆఫీసు నుంచి నేరుగా అక్కడికి వెళ్ళి అంచులకు పిన్నులు పెట్టాను. బుధవారం పొద్దున వ్యాను వచ్చి తీసుకెళ్ళింది. మిగతా పాటలు ఇస్తారో లేదో ఆ రోజు ఎవరూ చెప్పలేదు. ఆమె అడగలేదు.

వ్యాను వెళ్ళాక, ఇక నుంచి ఎంతకు ఫోన్ చేయాలో అడిగాను. పదిహేను అన్నాను.

"పదిహేను వద్దు. నెలల ఎన్నిసార్లు పడతది పదిహేను? ఊకె ఎత్తి దించుడే అయితది. పదహారు పెట్టు."

"పదహారుకు సరిపోతుందో లేదో నాకు తెలియదు ఆంటీ."

"నాకు మాత్రం తెల్సా? చూద్దాం. నడుం నాది, గుడ్డలు నావి. నువ్వు మాత్రం అంకె పడంగనే చెయ్యి. నవ్వుతానేమో అని ఆగకు."

డైరీలో పద్దెనిమిది కొట్టేసి పదహారు అని రాశాను. మరలు మళ్ళీ ముట్టుకోలేదు.

శనివారం మధ్యాహ్నం వాన పడి గంటలో పదహారు దాటింది. ఫోన్ చేశాను. ఆమె గుడ్డలెత్తింది. పదిహేడు దగ్గర వాన ఆగిపోయింది. అరగంట తర్వాత ఫోన్ చేసి, "రాలే. దించుతున్న" అంది. నవ్వలేదు. ఆ తేదీ కింద పదహారు, దాని పక్కన 'రాలేదు' అని రాశాను. ఇంకో నాలుగైదు వానలు చూస్తే గాని తెలియదు.